లోడు దారికి లెక్క చెప్పే కొలువు

జామాయిల్ తోటకూ పేపరు మిల్లుకూ మధ్య ఉన్న దారిలోనే రైతు లాభం, లారీ కిరాయి, మిల్లు ఖర్చు తేలిపోతాయి. ఏ బండి, ఏ తోటకు, ఏ రోజు, ఏ దారిలో వెళ్లాలో ముందే లెక్కగట్టడం ఒక ఉద్యోగం. డిగ్రీ, డిప్లొమా, ఇంజినీరింగ్ చదువుతున్న వారెవరైనా నేర్చుకోగలిగిన పని. నర్సంపేట లాంటి ఊళ్లలో ఉన్నవారికైతే ప్రయోగశాల గడప ముందే ఉంది.

నర్సంపేటలో చదువుకుంటున్నారా? అయితే కర్ర లోడుతో వెళ్లే లారీలు మీకు కొత్తేమీ కాదు. వాటిని చూసినప్పుడు 'ఎంత బరువుంటుందో' అని అనుకునే ఉంటారు. ఇంకో మూడు ప్రశ్నలు వేసుకుని చూడండి. ఆ బండి మిల్లు దగ్గర ఎన్ని గంటలు ఆగుతుంది? వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుందా? అదే కర్రను ఇంకో మిల్లుకు పంపితే ఎవరికి ఎంత మిగులుతుంది? ఈ మూడింటికి జవాబు చెప్పగలిగిన వాళ్లకు కలప రంగంలోనే కాదు, రవాణా ఉన్న ప్రతి రంగంలోనూ పని ఉంటుంది.

రైతుకు మిగిలేది ఎంత?

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. పేపరు మిల్లుకు పోయే కర్ర అంటే పాఖాల అడవిలో చెట్లు కొట్టి పంపేది కాదు. పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. నేడు మిల్లులకు వెళ్లే కర్రలో ప్రధానమైనది రైతులు చెల్కల్లో పెంచే జామాయిల్, సుబాబుల్, సరుగుడు, ఇంకా అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లోది. మేలైన క్లోన్ మొక్కలు నాటితే జామాయిల్ సుమారు నాలుగేళ్లకు కోతకొస్తుంది. నరికాక మొదలు నుంచి పిలకలు వేసి మళ్లీ పెరుగుతుంది.

రైతు చేతికి వచ్చే డబ్బు లెక్క చాలా చిన్నది. మిల్లు గేటు దగ్గర టన్నుకు ఇచ్చే ధరలోంచి నరుకుడు కూలి, తొక్క తీసిన కూలి, హమాలీ ఖర్చు, లారీ కిరాయి తీసేయాలి. మిగిలిందే రైతుది. వీటిలో గేటు ధరను రైతు మార్చలేడు. కూలి తగ్గించమనడం న్యాయం కాదు. తెలివితో తగ్గించగలిగింది ఒక్క రవాణా ఖర్చే. జామాయిల్ లాంటి కర్రకు బరువెక్కువ, విలువ తక్కువ. పది కిలోమీటర్లు అదనంగా తిరిగినా ఆ భారం టన్ను ధరలో కనిపిస్తుంది. అందుకే ఈ రంగంలో దారి లెక్కకు అంత విలువ.

మిల్లు మూతపడితే మ్యాపే మారుతుంది

మన ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు తయారుచేసే మిల్లు ఉండేది. 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. అదే ఏడాది కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు కూడా ఆగింది. దాన్ని 2018లో జేకే పేపర్ సంస్థ తీసుకుని మళ్లీ నడిపించింది. గోదావరి ఒడ్డున భద్రాచలానికి ఇవతల ఉన్న సారపాకలో ఐటీసీ మిల్లు ఉంది. ఆ సంస్థ పేపర్‌బోర్డు వ్యాపారంలోకి దిగింది 1979లో. భద్రాచలం పేపర్‌బోర్డ్స్ పేరుతో మొదలైన ఆ కంపెనీ 2002లో ఐటీసీలో కలిసింది.

ఒక మిల్లు మూతపడితే అందులో పనిచేసే వాళ్లే నష్టపోతారని అనుకుంటాం. నిజానికి ఆ మిల్లు చుట్టూ తోటలు వేసిన ప్రతి రైతుకూ దూరం మారిపోతుంది. దగ్గరి మిల్లు పోయి దూరపు మిల్లు దిక్కైతే, తోట అదే, కర్ర అదే, రైతుకు మిగిలేది మాత్రం తగ్గుతుంది. మళ్లీ తెరుచుకుంటే లెక్క ఇంకోలా మారుతుంది. కాబట్టి ప్లానింగ్ ఒకసారి చేసి బీరువాలో పెట్టేది కాదు.

ఇప్పుడు నర్సంపేట నుంచి సారపాకకు దారి చూడండి. మహబూబాబాద్, ఇల్లందు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా ఒకటి. ములుగు, ఏటూరునాగారం, మంగపేట, మణుగూరు మీదుగా మరొకటి. పాఖాల దాటి కొత్తగూడ, గంగారం, గుండాల వైపు అడవి దారి ఇంకొకటి. ఫోన్‌లోని మ్యాప్ సాధారణంగా తక్కువ సమయం పట్టే దారి చూపిస్తుంది. కానీ లోడు బండికి తక్కువ సమయం ముఖ్యమా, మంచి రోడ్డు ముఖ్యమా? ఘాట్ మలుపులు, ఊరి మధ్య ఇరుకు రోడ్లు, వానకు మునిగే కల్వర్టులు మ్యాప్‌లో కనిపించవు. అవి డ్రైవరన్నకు తెలుసు. ఆయన చెప్పింది రాసుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడే మంచి ప్లానర్.

ప్లైవుడ్ ప్రశ్నతో మొదలైన గణితం

ఈ లెక్కల శాస్త్రానికి ఆపరేషన్స్ రీసెర్చ్ అని పేరు. ఎంబీఏ, బీటెక్, గణితం, స్టాటిస్టిక్స్ చదివేవారికి సిలబస్‌లో కనిపిస్తుంది. ఇందులో లీనియర్ ప్రోగ్రామింగ్ పుట్టుకకూ కలపకూ సంబంధం ఉంది. 1938లో సోవియట్ యూనియన్‌లో ఒక ప్లైవుడ్ సంస్థ తన యంత్రాలకు పని ఎలా పంచాలో చెప్పమని లియోనిద్ కాంటొరోవిచ్ అనే యువ గణితవేత్తను అడిగింది. మరుసటి ఏడాదే ఆయన ఆ పద్ధతిని పుస్తకంగా ప్రచురించారు. 1975లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతి రూపొందించారు. 1959లో జాన్ రామ్సర్‌తో కలిసి లారీలను ఏ దారిలో పంపాలనే సమస్య మీద పరిశోధన పత్రం రాశారు. నేటి డెలివరీ యాప్‌ల వెనక ఉన్న లెక్కకు మూలం అక్కడే.

అడవుల నుంచి మిల్లులకు కర్ర పంపడంలో దీన్ని బాగా వాడుకున్న దేశం చిలీ. అక్కడ లారీలన్నీ ఒకేసారి వచ్చి గంటల తరబడి క్యూలో నిలబడేవి. చిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంద్రెస్ వైన్‌ట్రాబ్ బృందం 1990 ప్రాంతంలో 'అసికామ్' అనే కంప్యూటర్ విధానం తయారుచేసింది. రేపు ఏ బండి ఎన్ని గంటలకు ఎక్కడ లోడు ఎత్తాలి, ఎన్ని గంటలకు ఎక్కడ దించాలి అన్నది ముందురోజే పట్టీగా ఇచ్చేది. అటవీ రంగంలో చేసిన ఈ పనులకు 1998లో ఆ రంగంలో పేరున్న ఫ్రాంజ్ ఎడెల్‌మన్ బహుమతి దక్కింది.

దగ్గరిదే చవక... ఎప్పుడూ కాదు

ఇందులో కిటుకు ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే.

నర్సంపేట దగ్గర ఒక యార్డు, ములుగు దగ్గర ఒక యార్డు ఉన్నాయనుకోండి. రోజుకు చెరో 10 లోడ్లు. 'క' మిల్లుకు 10, 'గ' మిల్లుకు 10 లోడ్లు కావాలి. లోడుకు కిరాయి ఇలా ఉంది:

నర్సంపేట నుంచి 'క' మిల్లుకు 8,000 రూపాయలు, 'గ' మిల్లుకు 14,000.
ములుగు నుంచి 'క' మిల్లుకు 7,000 రూపాయలు, 'గ' మిల్లుకు 10,000.

మామూలుగా ఏం చేస్తాం? అన్నిటికంటే చవకగా ఉన్న ములుగు–'క' దారిని ముందు పట్టేసుకుంటాం. అప్పుడు నర్సంపేట కర్ర తప్పనిసరిగా 'గ' మిల్లుకు పోవాలి. ఒక్కో జతకు 7,000 + 14,000 = 21,000. ఇప్పుడు తిప్పి చూడండి. నర్సంపేట కర్ర 'క' మిల్లుకు, ములుగు కర్ర 'గ' మిల్లుకు. 8,000 + 10,000 = 18,000. జతకు 3,000 చొప్పున పది జతలకు రోజుకు 30,000 రూపాయలు మిగిలాయి. కొత్త లారీ కొనలేదు, కొత్త రోడ్డు వేయలేదు. కాగితం మీద నాలుగు అంకెలు సర్దామంతే.

రెండు యార్డులు, రెండు మిల్లులైతే వేళ్ల మీద చెప్పొచ్చు. ఇరవై ఊళ్లు, నాలుగు మిల్లులు, మూడు రకాల బండ్లు, రోజుకో డిమాండ్ అయితే? అప్పుడే సాఫ్ట్‌వేర్ కావాలి. దాంట్లో ఏ అంకెలు పెట్టాలో తెలిసిన మనిషీ కావాలి.

కాంటా దగ్గర కరిగిపోయే కాలం

డీజిల్ ఖర్చు అందరికీ కనిపిస్తుంది. ఆగిన బండి ఖర్చు ఎవరికీ కనిపించదు. మరో లెక్క చూడండి. ఒక లారీ మిల్లుకు వెళ్లి రావడానికి 8 గంటలు, లోడు ఎత్తడానికి 3 గంటలు, మిల్లు దగ్గర కాంటా, దింపుడు అన్నీ కలిపి 5 గంటలు పడుతున్నాయనుకుందాం. మొత్తం 16 గంటలు. ఇద్దరు డ్రైవర్లు మార్చి మార్చి నడిపే ఆ బండి నెలకు 240 గంటలు తిరిగితే 15 ట్రిప్పులు. వచ్చే సమయాన్ని ముందే కేటాయించి మిల్లు దగ్గర ఆగే సమయాన్ని 5 గంటల నుంచి 1 గంటకు తగ్గిస్తే ట్రిప్పుకు 12 గంటలే. అదే బండి 20 ట్రిప్పులు వేస్తుంది.

బండి మీద ఈఎంఐ, బీమా, పన్ను లాంటి స్థిర ఖర్చు నెలకు 60,000 అనుకుంటే, ట్రిప్పుకు 4,000 పడేది 3,000కు దిగింది. 18 టన్నుల లోడుకు టన్నుకు 55 రూపాయలకు పైగా తేడా. ఎకరాల లెక్కన కర్ర పంపే రైతుకు, నాలుగు లారీలున్న ట్రాన్స్‌పోర్టర్‌కు ఇది చిన్న మొత్తం కాదు.

ఇక్కడో హెచ్చరిక. ట్రిప్పులు పెంచడమంటే డ్రైవర్ నిద్ర తగ్గించడం కాదు. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని పరిమితి పెట్టింది. దూరప్రయాణాల్లాంటి సందర్భాల్లోనే కొంత సడలింపు ఇచ్చింది. పైన మిగిలిన నాలుగు గంటలు క్యూలోంచి వచ్చాయి, స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి విశ్రాంతిలోంచి కాదు. ఈ తేడా తెలియని ప్లాన్ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

కాగితాలు, కాంటా, కల్తీలేని అంకెలు

ఉద్యోగంలో చేరే ముందే ఈ నిబంధనలు తెలిసి ఉంటే మీ మాటకు బరువు వస్తుంది.

బరువు: 2018లో కేంద్రం లారీల బరువు పరిమితులు పెంచింది. మూడు ఇరుసుల లారీ సరుకుతో కలిపి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. ఖాళీ బండే 10 టన్నులుంటే సరుకు 18.5 టన్నులు మించకూడదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000 జరిమానా. అంటే రెండు టన్నులు ఎక్కువ వేస్తే 24,000. బాడీ పక్కలకు దుంగలు బయటికి పొడుచుకు వచ్చినా 20,000 కట్టాల్సిందే. ఒక్కసారి దొరికితే ఎన్నో ట్రిప్పుల లాభం పోతుంది.

అనుమతి: తెలుగు రాష్ట్రాల్లో కలప రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు ఆధారం. టేకు లాంటి చెట్లకు పట్టా భూమిలో పెంచినా అనుమతి కావాలి. రైతులు తోటలుగా వేసే కొన్ని జాతులకు వెసులుబాటు ఉంది. లోడు కదలకముందే జాతి పేరు, సర్వే నంబరు, కాగితాలు సరిచూసుకోవడం ప్లానర్ పనిలో భాగమే. రాష్ట్రాలు దాటి వెళ్లే కలప కోసం కేంద్రం 2023 డిసెంబరులో ఆన్‌లైన్ జాతీయ ట్రాన్సిట్ పాస్ విధానాన్ని దేశమంతటికీ తెచ్చింది.

తేమ: అప్పుడే నరికిన జామాయిల్ బరువులో సుమారు సగం నీళ్లే. పచ్చికర్ర మోయడమంటే నీళ్లకు కిరాయి కట్టడమే. అలాగని ఎండబెడితే బరువు తగ్గుతుంది, టన్ను లెక్కన అమ్మే రైతు ఒప్పుకోడు. మిల్లు తేమ చూసి ధర కడుతుందా, బరువు చూసే కడుతుందా అన్నది ఒప్పందంలో చదివి, దాన్ని బట్టి నరికిన ఎన్నో రోజుకు లోడు ఎత్తాలో తేల్చాలి.

వాన: జూన్ నుంచి సెప్టెంబరు వరకు రేగడి చేలల్లోకి లారీ దిగదు. ట్రాక్టర్‌తో కర్రను రోడ్డు ఒడ్డుకు చేర్చి, అక్కడ లారీలోకి మార్చాలి. రెండుసార్లు ఎత్తుడు, రెండు కూలీలు. అందుకే లోపలి తోటలను ఎండాకాలంలో, తారురోడ్డు పక్క తోటలను వానాకాలంలో కోసేలా ఏడాది క్యాలెండర్ వేసుకోవడం మంచి ప్లానింగ్ లక్షణం.

పేర్లు: మన దగ్గర ఇదో పెద్ద తలనొప్పి. కొత్తగూడ వేరు, కొత్తగూడెం వేరు. ములుగు జిల్లా కేంద్రం వేరు, సిద్దిపేట జిల్లాలోని ములుగు వేరు. కంప్యూటర్‌లో ఒక్క అక్షరం తప్పితే బండి వంద కిలోమీటర్లు దారి తప్పుతుంది. ఊరి పేరుతోపాటు మండలం, జిల్లా, జీపీఎస్ గుర్తులు కూడా నమోదు చేయడం అలవాటు చేసుకోండి.

ఏం చదివితే దారి?

ఈ ఉద్యోగానికి ఒకే ఒక్క డిగ్రీ అంటూ లేదు. మీరు ఉన్న చోటి నుంచే రావొచ్చు.

బైపీసీ విద్యార్థులకు బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 2016లో మొదలైంది. చెట్టు పెంపకం నుంచి కలప కొలతల దాకా అక్కడ నేర్పుతారు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ డీమ్డ్ యూనివర్సిటీలో కలప శాస్త్రంలో పీజీ ఉంది. మేనేజ్‌మెంట్ వైపు వెళ్లాలంటే భోపాల్‌లో భారతీయ అటవీ నిర్వహణ సంస్థ ఉంది.

బీకాం, బీఎస్సీ, బీఏ వారు ఎక్సెల్, జీఐఎస్ నేర్చుకుని డిస్పాచ్, కలప సేకరణ, యార్డు సూపర్‌వైజర్ ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. ఇంజినీరింగ్, గణితం వారు ఆపరేషన్స్ రీసెర్చ్ ఎలక్టివ్ తీసుకుంటే అనలిస్ట్ పోస్టుల వైపు వెళ్లొచ్చు. డిప్లొమా, ఐటీఐ వారికి బండ్ల నిర్వహణ, కాంటా, లోడింగ్ యంత్రాల పనులతో ప్రవేశం దొరుకుతుంది. అక్కడి అనుభవం ఉన్నవాళ్లు ప్లానింగ్‌లోకి వస్తే ఆఫీసులో కూర్చున్నవాళ్ల కంటే ముందుంటారు.

ఒక్క నిజం దాచకుండా చెప్పుకోవాలి. పేపరు మిల్లులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటి ఉద్యోగాల మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. కానీ ఇక్కడ నేర్చిన లెక్క ఎక్కడైనా చెల్లుతుంది. ధాన్యాన్ని కొనుగోలు కేంద్రం నుంచి రైస్ మిల్లుకు, పత్తిని జిన్నింగ్ మిల్లుకు, మిర్చిని ఎనుమాముల మార్కెట్‌కు, బొగ్గును విద్యుత్ కేంద్రానికి, పాలను డెయిరీకి చేర్చడం అన్నీ ఇదే సమస్యకు వేర్వేరు వేషాలు.

ఆరు వారాల ప్రాజెక్టు

సర్టిఫికెట్ల కంటే ఒక పూర్తి చేసిన పని ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది. ఇలా చేయండి.

మొదటి వారం: ఊరి దగ్గరి కాంటా యజమాని అనుమతి తీసుకుని, వారం పాటు కర్ర బండ్లు వచ్చిన సమయం, వెళ్లిన సమయం, బరువు రాసుకోండి. డ్రైవర్ల పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు.

రెండో వారం: ఐదారుగురు డ్రైవర్లతో, ఇద్దరు ముగ్గురు రైతులతో మాట్లాడండి. ఎక్కడ ఆలస్యమవుతోంది, ఏ దారి వానకు పోతుంది, తిరుగు లోడు దొరుకుతుందా అని అడగండి. 'బొగ్గు టిప్పర్ ఖాళీగా పోతోంది కదా, అందులో కర్ర వేయొచ్చుగా' అని మీకు అనిపించొచ్చు. టిప్పర్ డబ్బా పొడవు దుంగలకు అనువు కాదని వాళ్లే చెబుతారు. ఇలాంటి విషయాలు పుస్తకంలో దొరకవు.

మూడో వారం: క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్ల మీద తోటలు, యార్డులు, మిల్లులు గుర్తించండి.

నాలుగో వారం: ఎక్సెల్‌లోని సాల్వర్‌తో పైన చెప్పిన యార్డు–మిల్లు లెక్కను మీ అంకెలతో వేయండి. పైథాన్ వస్తే పల్ప్, గూగుల్ ఓఆర్ టూల్స్ రెండూ ఉచితమే.

ఐదో వారం: అంకెలు మార్చి చూడండి. డీజిల్ ధర పెరిగితే? ఒక దారి మూసుకుపోతే? ఒక మిల్లు నెలరోజులు కొనకపోతే?

ఆరో వారం: నాలుగు పేజీల నివేదిక రాయండి. మొదటి పేజీలో ఒక్క వాక్యం తప్పనిసరి: 'ఇలా చేస్తే టన్నుకు ఇంత మిగులుతుంది.' ఆ నివేదికను మీకు సమాచారం ఇచ్చిన డ్రైవర్లకూ రైతులకూ చదివి వినిపించండి. వాళ్లు 'ఇది కుదరదు' అంటే ఎందుకో రాసుకుని దిద్దుకోండి.

ఇంటర్వ్యూలో అడిగేది

సాఫ్ట్‌వేర్ పేర్లు చెప్పడం అందరికీ వస్తుంది. 'మీ ప్లాన్ ప్రకారం పది బండ్లు పంపాం, పొద్దున్నే వాన పడింది, మూడు చేలలోనే దిగబడ్డాయి. మిల్లుకు మధ్యాహ్నానికి కర్ర కావాలి. ఏం చేస్తావు?' ఇలాంటి ప్రశ్నకు సిద్ధం కండి. రోడ్డు పక్క యార్డులో ఎంత నిల్వ ఉందో చూసి ముందు అది పంపడం, మిల్లుకు వెంటనే ఫోన్ చేసి వచ్చే సమయం మార్చుకోవడం, దిగబడ్డ బండ్లకు ట్రాక్టర్ పంపడం, రేపటి పట్టీని ఇవాళే మార్చడం... ఈ వరుసలో ఆలోచించగలిగితే చాలు. ప్లాన్ వేయడం సగం పని. చెదిరిన ప్లాన్‌ను గంటలో సర్దడం మిగతా సగం.

ఒకప్పుడు టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీదుగా రాజమండ్రి వైపు వదిలేవారు. నది ఎటు తీసుకెళ్తే అటే దారి. ఇప్పుడు నాలుగు దారులున్నాయి, వాటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ ఎంపిక సరిగ్గా చేసినప్పుడు లాభపడేది మీ పక్క ఊరి రైతే కావొచ్చు. ఈ వారంలోనే ఒక నోట్‌బుక్ కొని, దగ్గర్లోని కాంటా దగ్గరికి వెళ్లి, 'అన్నా, ఒక గంట ఇక్కడ కూర్చుని టైం రాసుకోవచ్చా?' అని అడగండి.